నా దగ్గరున్న పెద్ద టన్ను

గనుల ప్రధాన తనిఖీ అధికారి గారి సముఖమునకు,

గని పరీక్షశాలలో ముప్ఫై ఒక్క సంవత్సరములు రాయి తూచి, పదునాలుగు నెలల క్రితము పదవీ విరమణ చేసిన వాడను, కాలనీలో అందరిచేతా 'పెద్ద త్రాసు' అని పిలువబడువాడను, విన్నవించుకొను రెండవ అర్జీ.

అయ్యా,

విషయం: మూడవ షాఫ్టులో నీరు తోడు పంపులను ఈ నెల 28వ తేదీ ఉదయం ఆరు గంటలకు ఆపివేయవలెనను ఉత్తర్వును నిలుపుదల చేయుట గురించి, మరియు టన్ను అనునది ఒకటి కాదని తెలియజేయుట గురించి.

సూచిక: (1) నా మొదటి అర్జీ, తేదీ 9. (2) దానికి తమ కార్యాలయపు జవాబు, తేదీ 14, పూర్తి పాఠము: "టన్ను ఎక్కడైనా టన్నే. అర్జీ మూసివేయడమైనది."

పై రెండవ సూచికను చదివిన నాటి నుండి నాకు అన్నం సయించుట లేదు. అది రాసిన గుమాస్తా గారి మీద నాకు కోపము లేదు. ఆయన జీవితంలో టన్నుతో ఏనాడూ మోసపోలేదు, అదృష్టవంతుడు. ఇవాళ ఇరవై ఐదు. ఇంకా మూడు రోజులు ఉన్నవి గనుక, ఈసారి మొదటి నుండి, ఒక్కొక్కటిగా మనవి చేయుచున్నాను. సీసము పొగలో బతికిన చేతులు వణుకుచుండుట వలన నేను చెప్పగా నా భార్య రాయుచున్నది. అక్షరాలు బాగుంటే ఆవిడవి, మాటలు కటువుగా ఉంటే నావి.

1. మొదట టన్ను సంగతి. మా వృత్తిలో టన్నులు నాలుగు. వెయ్యి కిలోల మెట్రిక్ టన్ను తమరికి తెలిసినదే. రెండు వేల రెండు వందల నలభై పౌన్లది పెద్ద టన్ను, అనగా వెయ్యిన్ని పదహారు కిలోలు. రెండు వేల పౌన్లది చిన్న టన్ను, అనగా తొమ్మిది వందల ఏడు కిలోలు. నాల్గవది పరీక్ష టన్ను. అది అరచేతిలో ఇముడుతుంది.

నవ్వవద్దని మనవి. బంగారాన్ని ఔన్సుల్లో, రాయిని టన్నుల్లో లెక్కపెట్టే కాలంలో ఎవరో మహానుభావుడు కనిపెట్టిన కిటుకు అది. రాయిని పిండి చేయాలి. ఆ పిండిని ఒక నిర్ణీతమైన ఇత్తడి గుండుతో తూచాలి. సీసంతో కలిపి కొలిమిలో కరిగించి, ఆ సీసాన్ని ఎముకల బూడిదతో చేసిన గిన్నెకు తాగించాలి. చివరికి కంటికి ఆనీ ఆనని బంగారు పూస మిగులుతుంది. ఆ పూస ఎన్ని మిల్లీగ్రాములు తూగితే, టన్ను రాయిలో అన్ని ఔన్సుల బంగారం ఉన్నట్టు. గుణకారం లేదు, భాగహారం లేదు. పెద్ద టన్నుకు సరిపడే గుండు బరువు ముప్ఫై రెండు గ్రాముల ఆరు వందల అరవై ఏడు మిల్లీగ్రాములు. చిన్న టన్నుకు సరిపడేది ఇరవై తొమ్మిది గ్రాముల నూట అరవై ఏడు మిల్లీగ్రాములు. రెండింటికీ తేడా మూడున్నర గ్రాములు. అనగా టీలో వేసుకునే ఒక చెంచాడు పంచదారకు కొంచెం తక్కువ.

ఆ చెంచాడు పంచదారకే మూడవ షాఫ్టు మునగబోతున్నది.

2. మన గని పాత కంపెనీ కాలం నుండి పెద్ద టన్నుల్లోనే లెక్క. తరువాత ప్రభుత్వం వారు మెట్రిక్‌లో చెప్పమన్నారు. మంచిదే. పెద్ద గుండుతో తూచి వచ్చిన ఔన్సులను ముప్ఫై పాయింట్ ఆరుతో గుణిస్తే మెట్రిక్ టన్నుకు ఎన్ని గ్రాములో వస్తుంది. కంప్యూటరులో ఆ గుణకారం ఎక్కించినది నేనే, సరిచూసినది నేనే. అయితే అది పెద్ద గుండుకు మాత్రమే చెల్లుతుంది. ఎవరైనా చిన్న గుండుతో తూచి, పెద్ద గుండు గుణకారం వేస్తే, నూట పన్నెండు ఉన్నచోట నూరు కనిపిస్తుంది. కంప్యూటరు అడగదు. దానికి గుండు కనబడదు.

మూడవ షాఫ్టు రాయిలో బంగారం టన్నుకు ఐదు గ్రాములకు తగ్గితే గని మూసివేయవచ్చునని నిబంధన. గత పదునాలుగు నెలల సగటు నాలుగు పాయింట్ ఏడు అని పరీక్షశాల రిపోర్టు ఇచ్చినది. దానిని నూట పన్నెండుతో గుణించి నూరుతో భాగించండి. ఐదు పాయింట్ రెండు ఆరు వస్తుంది. తమ బల్ల మీద ఉన్న ఏ పెన్సిలుతోనైనా వస్తుంది.

3. మా పరీక్షశాలలో ఇత్తడి గుండ్లు రెండు ఉండేవి. పెద్ద టన్నుది త్రాసు పక్కన, రోజూ వాడుకలో ఉండేది. చిన్న టన్నుది బీరువాలో ఉండేది. పక్క గనివారు చిన్న టన్నుల్లో లెక్క చూసుకునేవారు, వారి రాయి మన దగ్గరికి పరీక్షకు వచ్చిన రోజుల్లో దాన్ని కొన్నారు. ఆ గని మూతపడి ఇరవై ఏళ్ళయింది. గుండు మాత్రం మిగిలింది. రెండింటికీ ఒకే ఆకారం, ఒకే పిడి, 'పరీక్ష టన్ను' అని తెలిపే ఒకే రెండక్షరాల ముద్ర. ఆస్తుల పట్టీలో కూడా "ఒక టన్ను గుండ్లు, రెండు" అనియే ఉన్నది. ఏది ఏదో నాకెలా తెలుసునంటే, ఏళ్ళ తరబడి పట్టకారుతో పట్టి పట్టి పెద్దదాని పిడి మెడ మీద వెంట్రుకంత గీత పడింది.

ఒక చీటీ ముక్క అంటిస్తే సరిపోయేది. అంటించలేదు. బద్ధకం కాదు అయ్యా, గర్వం. ఆ గీత సంగతి తెలిసినవాడు ఈ గనిలో నేనొక్కడినే అన్న గర్వం. ఈ తప్పు నాది. దీనికి ఏ శిక్ష విధించినా కట్టుబడి ఉంటాను.

కొత్త ఎలక్ట్రానిక్ త్రాసు లేదా అని తమరు అడుగవచ్చును. ఉన్నది. వచ్చిన నెలకే పాడై, గుడ్డ కప్పుకుని కూర్చున్నది. మూడు నెలలకొకసారి బయటి పరీక్షశాలకు నమూనాలు పంపి సరిచూసుకునే అలవాటు లేదా అనియు అడుగవచ్చును. ఉండేది. నేను దిగిపోయిన నెలలోనే ఖర్చు దండగ అని మానివేసినారు.

4. ప్రస్తుత పరీక్షాధికారి నా బావమరిది.

ఇక్కడ నా భార్య కలం ఆపింది. అతను ఆవిడకు సొంత తమ్ముడు. "రాయలేకపోతే లే, పక్కింటి టీచరమ్మ చేత రాయిస్తా" అన్నాను. "మీరు చెప్పండి. నా తమ్ముడి సంగతి ఊళ్ళోవాళ్ళ చేతిరాతలో ఎందుకు?" అన్నది. కావున కొనసాగించుచున్నాను.

మా అత్తగారు పోయిననాటికి అతనికి పదకొండేళ్ళు. ఒక ట్రంకుపెట్టె, చువ్వ విరిగిన గొడుగుతో మా ఇంటికి వచ్చాడు. మాకు పిల్లలు లేరు. వాడే అయ్యాడు. వృత్తి నేర్పాను. త్రాసు ముందు ఊపిరి బిగబట్టాలి, లేకుంటే పిండి ఎగిరిపోతుంది. ఆ అలవాటు కోసం వంటింటి బల్ల మీద గోధుమపిండి కుప్పపోసి, దాని ఎదురుగా కూర్చుని ఎక్కాలు చెప్పమనేవాడిని. పిండి కదిలితే మళ్ళీ రెండో ఎక్కం నుంచి. పిండి అంతా నేలపాలు చేస్తున్నారని వాళ్ళక్క ఇద్దరినీ కలిపి తిట్టేది. ఇరవై రెండేళ్ళకు ఉద్యోగంలో చేరాడు. నన్ను పెద్ద త్రాసు అంటారు గనుక అతన్ని చిన్న త్రాసు అన్నారు. ఆ మాట మొదటిసారి వినిన రోజున నేను కొలిమి గదిలోకి పోయి కాసేపు నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో ఆఫీసు భాషలో రాయడం చేతకాదు.

మా పరీక్షశాలలో ఒక పద్ధతి ఉన్నది. దిగిపోయేవాడికి, వాడుకలో లేని గుండు ఒకటి పెట్టెలో పెట్టి ఇస్తారు. ఏ రిజిస్టరులోనూ రాయరు. అందరికీ తెలుసు, అంతే. ఆ ప్రకారం బీరువాలోని చిన్న గుండు నాకు రావాలి. క్యాంటీనులో సభ పెట్టి, మా బావమరిది చేతుల మీదుగానే బహూకరించిరి. అతను పెట్టె మూత తెరిచి చూపించాడు కూడా. నా కళ్ళలో నీళ్ళు, జేబులో కళ్ళజోడు. ఏది కనబడింది నాకు? ఇంటికి తెచ్చి అద్దాల బీరువాలో పెట్టాను. చూస్తే ఏడుపొస్తుందని మళ్ళీ తెరవలేదు.

ఆ సభలో తీసిన ఫోటో ఒకటి ఇంట్లో ఉన్నది. దానిని ఈ అర్జీకి జతపరచుట లేదు. కారణము అడుగవద్దని మనవి.

5. పోయిన నెల మంగలి షాపులో మూడవ షాఫ్టు మేస్త్రీ కలిశాడు. గడ్డం నురగతో ఉండగానే మొదలుపెట్టాడు.

"ఏం పెద్దాయనా, నువ్వు దిగిపోయావని రాయి కూడా బెంగపెట్టుకున్నట్టుంది. అన్ని అంతస్తుల్లోనూ బంగారం పడిపోయింది."

"అన్నిట్లోనూనా?"

"పై అంతస్తు, కింది అంతస్తు, తూర్పు, పడమర. అన్నీ నూటికి పదీ పదకొండు తగ్గాయి. ఎప్పటినుంచంటావ్, నీకు దండ వేసిన మర్నాటినుంచి."

రాయి అలా తగ్గదు అయ్యా. ఒకచోట పేలవంగా ఉంటుంది, పది అడుగుల అవతల పొంగుతుంది. అన్నిచోట్లా ఒకే వాటా తగ్గిందంటే తప్పు రాతిలో లేదు, తూచే చేతిలో ఉంది. సగం గడ్డంతోనే లేచి ఇంటికి వచ్చాను. అద్దాల బీరువా తెరిచాను. కళ్ళజోడు పెట్టుకుని పిడి మెడ చూశాను. గీత ఉంది.

నమ్మలేక కంసాలి దగ్గరికి తీసుకెళ్ళాను. అతని మిషన్ మీద ముప్ఫై రెండు పాయింట్ ఆరు ఆరు ఏడు చూపించింది. చీటీ రాసి ఇమ్మన్నాను. "ఇత్తడికి చీటీ ఏంటి పెద్దాయనా" అని నవ్వాడు గానీ రాసి ఇచ్చాడు. ఆ చీటీ జత చేయడమైనది. నాకు దండ వేసి పంపిన రోజున నా పరీక్షశాలను కూడా పెట్టెలో పెట్టి నాతోనే పంపించేశారు. అక్కడ మిగిలింది చిన్న టన్ను. నేను పదునాలుగు నెలలు దాన్ని అద్దాల వెనక పెట్టుకుని, పేపరు చదువుకుంటూ కూర్చున్నాను.

6. మా బావమరిది పెళ్ళి కాకముందు మా ఇంట్లోనే ఉండేవాడు, అయ్యాక ఆదివారం ఆదివారం భోజనానికి వస్తాడు. ఆ ఆదివారం కూడా వచ్చాడు. గుండునూ కంసాలి చీటీనీ అతని కంచం పక్కన పెట్టాను.

"ఏంటి బావా ఇది?"

"పెద్ద టన్ను. నువ్వు పదునాలుగు నెలలుగా చిన్నదాంతో తూస్తున్నావురా."

అన్నం కలిపిన చెయ్యి అలాగే ఆగిపోయింది. ఎడమ చేత్తో పెన్ను తీసి, పేపరు అంచు మీద లెక్క వేసుకున్నాడు. నేను నేర్పిన లెక్కే. "నూటికి పన్నెండు" అన్నాడు, చాలా మెల్లగా. పెన్ను మూసి, "నువ్వు ఇన్నేళ్ళు పట్టుకున్నదే నీకివ్వాలనిపించింది బావా. బీరువాలోది ఇవ్వడానికి మనసు రాలేదు. రెండూ ఒకటే అనుకున్నాను" అన్నాడు.

ఆ మాటతో నాకు కోపం మొత్తం దిగిపోయింది. ప్రేమతో చేసిన తప్పు, అందులో సగం నాది. అతను ఉద్యోగంలో చేరేనాటికే చిన్న టన్ను మాట ఎత్తేవాళ్ళు లేరు.

"పోనీలేరా. రేపు పొద్దున్నే మేనేజరుకు చెబుదాం. గోదాములో దాచిన రాయి పిండి పది పొట్లాలు మళ్ళీ తూస్తే తేలిపోతుంది. నేనూ వస్తాను."

"నువ్వెందుకు బావా, నేను చూసుకుంటాను కదా. ఒక్కరోజు ఆగు."

వాళ్ళక్క రెండోసారి అన్నం వడ్డించింది. తిన్నాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర, "అక్కా, ఈ వారం పచ్చడి బాగా కుదిరింది" అన్నాడు. వచ్చే నెల అతనికి ప్రధాన కార్యాలయపు పరీక్షశాలకు బదిలీ, ఒక మెట్టు పైకి. మూడు వేల పైచిలుకు రిపోర్టుల మీద అతని సంతకం ఉన్నది. ఈ రెండు సంగతులూ నాకు తెలుసు. అయినా నాకు అనుమానం రాలేదు. బావ బాగు కోరేవాడు బావమరిది అంటారు కదా, నేనూ అదే అనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం గేటు కాపలావాడు కాగితం తెచ్చి ఇచ్చాడు. తలెత్తి నా మొహం చూడలేదు. అందులో ఉన్నది: "పరీక్షశాల ఆస్తుల పట్టీలోని రెండు గుండ్లలో ఒకటి కనబడుట లేదు. పోయిన తేదీ తెలియదు. సదరు గుండును మాజీ ఉద్యోగి ఇంటిలో నేను స్వయముగా చూసితిని." కింద నేను నేర్పిన పొడుగు తోక సంతకం.

స్వయముగా చూసెనట. ఏ కంచం పక్కన చూశాడో రాయలేదు.

తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అని చిన్నప్పటి నుంచి వింటున్నాను. ఆ వాసాలు మా ఇంటివే అవుతాయని అనుకోలేదు. మొదటి తప్పును నేను ఎప్పుడో క్షమించాను. నన్ను కోసింది తప్పు కాదు అయ్యా, అబద్ధం. వాడు నన్ను దొంగ అన్నాడు. గోధుమపిండి ముందు ఊపిరి బిగబట్టడం నేర్చుకున్న నోటితో అన్నాడు. నా భార్య ఈ వాక్యం రాయనన్నది. రాయమన్నాను. రాసింది.

7. మేనేజరు గారి ఎదుట ఇద్దరినీ నిలబెట్టారు. నేను నాలుగు టన్నుల సంగతి చెప్పాను. రెండో టన్ను దగ్గరికి వచ్చేసరికి ఆయన గడియారం చూసుకున్నారు. మా బావమరిది నేల చూపులు చూస్తూ, "బావకు వయసు మీద పడింది సార్. ఈ మధ్య లెక్కలు తికమక పడుతున్నాడు. రెండు గుండ్లూ ఒకటే సార్, పట్టీలో కూడా అలానే ఉంది" అన్నాడు. లెక్కలు తికమక పడుతున్నానట. వాడికి పన్నెండో ఎక్కం నాలుగు నెలలు పట్టింది.

"గుండు ఇచ్చేసి వెళ్ళండి, పోలీసుల దాకా పోకుండా నేను చూసుకుంటాను" అన్నారు మేనేజరు గారు, నా మీద దయతోనే. ఇవ్వలేదు. ఇస్తే అది రాత్రికి రాత్రే కొలిమిలో కరిగి తలుపు గడియ అవుతుంది. అప్పుడు పెద్ద టన్ను అనేది ఉండేదని చెప్పడానికి ఈ లోకంలో నేనూ నా వణికే చేతులే మిగులుతాం. గుండు ఇవ్వలేదు గనుక నేను దొంగనే అని ఇప్పుడు రుజువు అయినది.

8. నిన్న తమ కార్యాలయానికి వచ్చాను. తమరి దర్శనం దొరకలేదు. మూడవ నంబరు కిటికీ దగ్గర పెద్ద గుమాస్తా గారు నా కాగితాలు ఓపికగా చదివారు. ఆయన మంచివారు, ఆయనకు నా వలన ఇబ్బంది కలుగరాదు.

"పెద్దాయనా, ఇది బహుమతి అంటున్నావు. బహుమతి అయితే పాలనాపరమైన పొరపాటు కిందికి వస్తుంది. విచారణ సంఘం వేయాలి. తొంభై రోజులు."

"నాలుగు రోజుల్లో పంపులు ఆపేస్తారండీ."

"అదే చెబుతున్నాను. పోనీ దొంగతనం అనుకో. పట్టీలో ఉన్న గుండు ఫలానా రోజున పోయిందని తేదీతో సహా తేలితే, ఆ రోజు నుంచి ఇచ్చిన రిపోర్టులన్నీ మళ్ళీ సరిచూసేదాకా చెల్లవు. రూల్లో ఉంది. ఆ రిపోర్టుల మీద ఇచ్చిన ఉత్తర్వు కూడా ఆగిపోతుంది. ఇవాళే నంబరు పడుతుంది."

"ఫిర్యాదు ఉంది కదండీ మరి."

"ఫిర్యాదులో తేదీ తెలియదని రాశాడు మీ బావమరిది. తెలివైనవాడు. తేదీ చెప్పగలిగినవాడు దొంగ ఒక్కడే." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నువ్వు దొంగవి కాదంటున్నావు. నేనేం చేయను?"

కిటికీ ముందు నా వెనక ఇంకా పదిమంది ఉన్నారు. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. మునిగిన షాఫ్టు అంటే ఏమిటో తమరు చూసి ఉండకపోవచ్చును. పక్క గని పంపులు ఆపిన రోజు నేను చూశాను. మొదటి వారం ఏమీ తెలియదు. తరువాత పాత దుంగలు నాని, లోపల ఒక్కొక్కటే విరిగే చప్పుడు పైకి వినిపిస్తుంది. ఆ నీటిని మళ్ళీ తోడించే మొనగాడు ఉండడు. ఆ కాలనీలో ఇప్పుడు తలుపులకు తాళాలు కూడా లేవు, ఎత్తుకుపోవడానికి ఏమీ లేదు గనుక. మూడవ షాఫ్టులో నాలుగు వందల పన్నెండు మంది దిగుతారు. మంగలి షాపులో సగం గడ్డంతో కూర్చున్న ఆ మేస్త్రీ ఒకడు.

నేను దొంగను కాను అన్న మాట నాకు చాలా విలువైనది. ముప్ఫై ఒక్క ఏళ్ళు బంగారం మధ్య తిరిగి, గేటు దగ్గర జేబులు తడిమించుకుని, ఒక్క రేణువు ఇంటికి తేలేదు. దాన్ని ఒక పళ్ళెంలో పెట్టాను. రెండో పళ్ళెంలో షాఫ్టును పెట్టాను. తూచడం నా వృత్తి. ఎక్కువ సేపు పట్టలేదు.

9. కావున తమరిని ప్రార్థించునది ఏమనగా:

పదవీ విరమణ నాడు, సభ జరిగిన మధ్యాహ్నము, పరీక్షశాల త్రాసు పక్కనున్న పెద్ద టన్ను గుండును నేనే దొంగిలించితినని ఇందుమూలముగా తేదీతో సహా ఒప్పుకొనుచున్నాను. నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు. సదరు గుండును రుమాలులో చుట్టి, ఈ అర్జీతో పాటు తమ బల్ల మీద ఉంచుచున్నాను. చేత్తో ముట్టుకొనవద్దు, చెమట తగిలితే బరువు మారుతుంది. పట్టకారు కూడా అదే రుమాలులో ఉన్నది, అది నా సొంతము.

నమూనా పిండి పొట్లాలన్నీ పరీక్షశాల గోదాములో నంబర్లతో భద్రముగా ఉన్నవి. ఏవైనా పది పొట్లాలు ఈ గుండుతో తూపించి, కొలిమిలో పెట్టించండి. ఒక్క పగలు చాలు. ఆ పనికి నన్ను పిలువనక్కరలేదు, దొంగను పిలువకూడదు కూడా. చిన్న త్రాసునే తూయమనండి. ఆ పని అతనికన్నా బాగా చేయగలవాడు ఈ చుట్టుపక్కల లేడు.

సవరణ: పై 4వ, 8వ పేరాలలో "బహూకరించిరి" అనియు, "బహుమతి" అనియు ఉన్నచోట్ల "దొంగతనము" అని చదువుకొనవలెను. 6వ పేరా మొత్తము చదువకుండుటకు ప్రార్థన. అది మా ఇంటి విషయము. కొట్టివేయమంటే నా భార్య కొట్టివేయనన్నది.

ఇరవై ఎనిమిదవ తేదీ ఉదయం ఆరు గంటలకు పంపుల చప్పుడు వినబడునట్లు దయచేసి, ఈ గుండుతో పాటు దీనిని తెచ్చిన వాడిని కూడా తమరు చిత్తగించవలెను.

ఏ శిక్షకైనా సిద్ధముగానున్న
తమ విధేయుడు,
పెద్ద త్రాసు
(వేలిముద్ర, సంతకము పెట్టబోగా చేయి వణికి పాడైనది)

జతపరచినవి: గుండు 1, పట్టకారు 1, కంసాలి చీటీ 1.

తా.క.: అయ్యా, పైనంతా ఆయన చెప్పింది, నేను రాసింది. ఇది మాత్రం నేనే రాస్తున్నాను. ఆయన కవరు కొనడానికి వెళ్ళారు.

జతపరచినవి మూడు కాదు, నాలుగు. ఆయన వద్దన్న ఫోటో కూడా పెడుతున్నాను. ఎందుకు వద్దన్నారో మీరు అడగరు కాబట్టి నేనే చెబుతాను. అది బయటపెడితే నా తమ్ముడి ఉద్యోగం పోతుందని. వాడు ఈయన్ని దొంగని చేశాక కూడా ఈయన ఆలోచించింది అది.

ముందు పంపులు ఆపొద్దని ఆర్డరు ఇవ్వండి. ఆ కాగితం మీద మీ ముద్ర పడ్డాక ఫోటో చూడండి. ముందే చూస్తే బహుమతి, తొంభై రోజులు అంటారు, అందుకని చూసినా చూడనట్టు ఉండండి. ఇంత పెద్ద ఆఫీసులో మూడు రోజులు ఒక ఫోటో కనబడకుండా పోవడం కష్టం కాదు, మా మొదటి అర్జీ ఐదు రోజులు కనబడలేదు.

ఫోటోలో నవ్వుతూ పెట్టె తెరిచి చూపిస్తున్నవాడు నా తమ్ముడు. లోపల గుండు కనబడుతూనే ఉంది. పక్కన దండతో కళ్ళు మూసుకుని ఉన్నది మా ఆయన. ఇన్నాళ్ళూ ఎవరూ దాన్ని వెనక్కి తిప్పి చూడలేదు. ఇవాళ జిగురు రాయబోయి నేను చూశాను. వెనక వాడి చేతిరాతే. "మా బావ గుండు మా బావకే" అని ఉంది. కింద తేదీ, పొడుగు తోక సంతకం.

వాడికి పదకొండేళ్ళప్పుడు అన్నం కలిపి పెట్టింది నేనే, ఈ ఫోటో పెడుతున్నదీ నేనే. వచ్చే ఆదివారం వాడు వస్తే అన్నం వడ్డిస్తాను. రాకపోతే ఆ కంచం అక్కడే ఉంటుంది.

ఇట్లు,
పెద్ద త్రాసు భార్య, చిన్న త్రాసు అక్క